రేకుల షెడ్డులో హాజరు

జగ్గయ్యపేట
12-7-83

చి.సౌ. ప్రమీలారాణికి నాన్న దీవెనలు. నేనూ, నీ కూతురు భారతీ ఇక్కడ కులాసా.

అమ్మాయీ, దానికి చెవి మిషను పెట్టించిన రోజు నా ఆనందం ఈ కార్డులో పట్టదు. పెరట్లోంచి పిలిస్తే వంటింట్లోంచి "ఏం తాతయ్యా" అంది! మొహం చూడకుండా పలకడం ఎనిమిదేళ్లలో ఇదే మొదలు. వీధి వీధంతా పటికబెల్లం పంచా.

ఆ సంబరం బడి గుమ్మం దాకానే. రేకుల షెడ్డులో మూడు తరగతులు, మూడూ ఒక్కసారే ఎక్కాలు అరుస్తాయి. ఆ గోలలో హాజరు పిలిస్తే మనమ్మాయి పలకలేదు. ఎదురుగా కూర్చున్న పిల్లకి మూడు రోజులు ఆబ్సెంటు వేశారు. "మిషను పెట్టించామన్నారుగా, ఇంకా పలకదేమండీ? నెలాఖరు దాకా చూస్తా, తర్వాత ఇంటి దగ్గరే ఉంచుకోండి" అన్నారు మేష్టారు. దాన్నడిగితే, "మిషను పెడితే అందరూ నా చెవిలోనే అరుస్తున్నారు తాతయ్యా, మేష్టారొక్కరే వినపడరు" అంది.

రేకులకి గోతాలు కడితే మోత తగ్గుతుందేమోనని మేష్టారితో అంటే, తెచ్చి కట్టుకోమన్నారు. అల్లుడుగారితో చెప్పి, పత్తి నింపే పాత గోతాలు ఇరవై వత్సవాయి బస్సులో వేయించు. ఆలస్యం చెయ్యకు. గేదె ఈనిందా?

నాకైతే ఆశ చచ్చిపోతోందమ్మా. ఇవాళ బడికి వెళ్తూ మిషను తీసి నా జేబులో వేసింది. "ఇంటికొచ్చాక పెట్టుకుంటాలే, నీ మాటలకి" అంది. నేను నవ్వి పంపించా, ఆ తర్వాత అరుగు మీద కూలబడ్డా.

మీ ఇద్దర్నీ దేవుడు చల్లగా చూడాలి, ముందు దాన్ని చూడాలి.

నాన్న
వీరరాఘవయ్య