బోర్డు వాపసు ఇవ్వొద్దు

ఏమండీ, మీరు కొన్న ఆ సర్ఫింగ్ బోర్డు షాపులో వాపసు ఇవ్వొద్దు. ఇచ్చేయమని రాత్రి రాద్ధాంతం చేసింది నేనే, ఒప్పుకుంటాను. భోజనం బల్ల మీద మూతపెట్టాను. తడి బట్టలు సోఫా మీద పడేయకండి.

పొద్దున మీరు తువ్వాలు మర్చిపోతే ఇద్దామని సముద్రం దాకా వచ్చాను. అలలు మోకాలెత్తు కూడా లేవు. పొడుగు బోర్డులవాళ్లు మలుపు తిప్పలేక నేరుగా ఒడ్డుకు వచ్చి ఆగిపోతున్నారు. మీరేమో నేను తలుపుచెక్క అని వెక్కిరించిన ఆ పొట్టి బోర్డు మీద నిలబడి, తెడ్డు రెండుసార్లు వేశారు. అంత చిన్న అల ఇంత మనిషిని పసిపిల్లాడిలా ఎత్తుకుంది. వంటింట్లో ఇటు తిరిగితే గిన్నె, అటు తిరిగితే గ్లాసు పడేసే మనిషి, నీళ్ల మీద అంత ఒడుపుగా ఎలా తిరిగారండీ? తువ్వాలు ఇవ్వడం మర్చిపోయి, భుజానేసుకుని అలాగే ఇంటికొచ్చేశాను.

కొనేముందు నాకో మాట చెప్తే మీ సొమ్మేం పోయేది? ఆ కోపం మాత్రం తగ్గలేదు.

బస్సు టైమైంది, డ్యూటీకి వెళ్తున్నా.

ఇంకోటి. అంత వెడల్పుది ఎందుకని దెప్పాను కదా. దాని మీద ఇద్దరం పడతామా?