అనుభవం గడిలో నాన్న ఫోను

చిరంజీవి అమ్మాయికి,

సైబర్ భద్రతా ఉద్యోగాల ఎంపిక సంఘ సభ్యుడు బంధువులకు రాసే ఉత్తరంలో ముందు ఆశీస్సులు, ఆపై నిబంధనలు ఉండవలెను. కనుక ఆశీస్సులు.

నీ డిగ్రీ సరిపోయింది. దరఖాస్తులోని అనుభవం గడిలో, చనిపోయిన నాన్న గొంతు వినడానికి ఆయన ఫోను తాళం తీశానని రాశావు.

"ఫోను యజమాని అనుమతేదీ?" అన్నారు మా సంఘ అధ్యక్షులు.

"ఆయన మా అన్నయ్యండీ. పోయి ఏడాదైంది," అన్నాను.

"మరీ తప్పు. వద్దనలేని మనిషి ఫోను కదండీ."

నేనూ తిరస్కరణపై సంతకం పెట్టాను. అన్నయ్య మాటల్లో నా ఊసేమైనా ఉందా అని అడగాలనుంది. కానీ సభ్యులు అభ్యర్థులను విడిగా ప్రశ్నించరాదు.

ఇకపై మరణించిన యజమాని స్వయంగా హాజరై సంతకం చేసిన అనుభవమే చెల్లును. ఇది తుది నిర్ణయం.

బాబాయి