వరసకు కట్టిన అట్టలు

హిందూపురం,
ఆదివారం మధ్యాహ్నం.

నాయనకు, నీ పెద్దకూతురు భారతి దండాలు పెట్టి రాసేది.

నేను ఇక్కడ బాగున్నాను. మొదట ఈ మాటే రాయాలి కాబట్టి రాశాను, బాగున్నానో లేదో కింద దాకా చదివి నువ్వే చెప్పు. అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? అవ్వ కంట్లో చుక్కలు వేయించుకుంటోందా, లేక "నా కన్ను సంగతి నాకు తెలీదా" అని సీసా దాచేసిందా? చెల్లి గీత బడికి సరిగ్గా పోతోందా? నీ మగ్గం మీదున్న వంకాయ రంగు చీర ఎంతవరకు వచ్చింది?

ఆదివారం ఫోన్లో అడిగేదానికి ఉత్తరం ఎందుకు అనుకుంటావు. వార్డెన్ ఫోన్ మనిషికి ఐదు నిమిషాలే ఇస్తారు. వెనక పదిమంది ఆడపిల్లలు నిలబడి నా మాటలన్నీ వింటుంటారు. పైగా నీ గొంతు వినగానే నా నోట అబద్ధం వచ్చేస్తుంది. నువ్వు "ఎట్ల చదువుతాండావు పాపా" అంటావు. నేను "బాగా చదువుతాండా నాయనా" అనేస్తాను. మూడు ఆదివారాలుగా అదే చెప్పాను. అది నిజం కాదు. ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువు. అమ్మకు తెలిస్తే మర్నాడు మొదటి బస్సుకే ఇక్కడుంటుంది.

ముందు మంచి సంగతులు రాస్తాను. ఇక్కడ ఎండ ధర్మవరంలో అంత లేదు, సాయంత్రానికి గాలి తిరుగుతుంది. పొద్దున ఒకరోజు ఉగ్గాని, ఒకరోజు ఉప్మా. మధ్యాహ్నం వారానికి రెండుసార్లు రాగిముద్ద. వంటమ్మ సగం కన్నడం, సగం తెలుగు. నేను ముద్ద సగం వదిలేస్తే ఊరుకోదు. "యాకమ్మా, ఊట సేరలేదా? తిండి సయించలేదా? ఇట్ల తింటే పరీచ్చ దినానికి గాలికి కొట్టుకపోతావు" అంటుంది. నా గదిలో నాగవేణి అని గాండ్లపెంట పిల్ల ఉంది. వాళ్ళకు గొర్రెలున్నాయి. నోరు పెద్దది, మనసు మంచిది. నిద్రలో కూడా గొర్రెలను అదిలిస్తుంది.

పొద్దున లేస్తే ఇక్కడ మగ్గం చప్పుడు ఉండదు. మొదటి వారమంతా ఆ చప్పుడు లేకనే ఉలిక్కిపడి లేచేదాన్ని. నాయన ఎందుకు నేయడం లేదు, ఏమయిందో ఏమో అని కంగారుపడేదాన్ని. ఆ తర్వాత గదిలో ఇంకో మంచం కనిపించి, ఓహో హిందూపురం కదా అనుకునేదాన్ని.

ఇక అసలు సంగతి. డిగ్రీ సీటుకు రాసే పరీక్షలో ఇంగ్లీషు పేపరు ఉంది కదా, అందులో సగానికి సగం మాటల అర్థాలే అడుగుతారు. నేనేమో ఇంటర్ దాకా తెలుగు మీడియం. అందుకే వచ్చేటప్పుడు అటక మీది పాత డిజైన్ అట్టల కట్ట అడిగి తెచ్చుకున్నాను. "యేమిటికి పాపా, అవి ఇంగ పనికిరావు" అన్నావు నువ్వు. ఒక్కో అట్ట మీద చిల్లులు లేని చోట ఒక ఇంగ్లీషు మాట, దాని కింద తెలుగు అర్థం రాశాను. చీర మీద బొమ్మ పడటానికి నువ్వు జకార్డుకు కట్టినట్టే ఏ, బీ, సీ వరసలో దారంతో ఒకదానికొకటి కుట్టాను. ఆ దండను మంచం కోడుకు వేలాడదీసి, రోజూ పై అట్ట నుంచి కింది అట్ట దాకా చదివాను. నాలుగు వందల పైచిలుకు మాటలు ఒక్కటి పొల్లుపోకుండా గడగడా అప్పజెప్పేదాన్ని. హాస్టలంతా వచ్చి చూసిపోయారు. మా నాయన అట్టలు కట్టే పద్ధతి ఇదని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మూడు వారాల కిందట కోచింగ్‌లో మోడల్ పరీక్ష పెట్టారు, కంప్యూటర్ మీద. మొదటి ప్రశ్నే 'రిలక్టెంట్'. నాకు వచ్చిన మాటే. కానీ అది ఒంటరిగా రాలేదు నాయనా. దాని ముందు అట్ట రావాలి, దాని ముందుది రావాలి. కళ్ళు మూసుకుని మొదటి అట్ట నుంచి లోలోపల చదువుకుంటూ వచ్చాను. అర్థం దొరికేసరికి పక్కపిల్ల పది ప్రశ్నలు దాటిపోయింది. రెండో ప్రశ్న 'ఫ్రజైల్'. మళ్ళీ మొదటి అట్ట నుంచి. మూడోదానికి చేతులు చెమట పట్టి మౌస్ జారిపోయింది. ఆ తర్వాత మొదటి అట్ట కూడా గుర్తు రాలేదు. టైం అయిపోయి స్క్రీన్ దానంతటదే ఆగిపోయింది.

గోడకు అంటించిన లిస్టులో నాది కింది నుంచి రెండో పేరు. ఇంగ్లీషు మేడం పిలిచి, "నీకన్నీ వస్తాండాయి కదమ్మా, నిన్ననే గడగడా అప్పజెప్తివే, ఏమైంది నీకు?" అని అడిగింది. తల వంచుకుని వచ్చేశాను.

అప్పటి నుంచి భయం పట్టుకుంది. రాగిముద్ద సగం వదిలేసేది అందుకే. ఎవరైనా ఇంగ్లీషు మాట అంటే చాలు, అక్కడి నుంచి లేచి వచ్చేస్తాను. నన్ను పంపేటప్పుడు నువ్వన్న మాటే చెవిలో మోగుతుంటుంది. "ఒక్క యేడు పాపా. సీటొస్తే సదువుకో, రాకపోతే వచ్చి మగ్గమెక్కు. నీ ఎనకాల గీత కూడా ఉండాది కదా" అన్నావు. నువ్వు కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నావు. మగ్గమంటే నాకు ఇష్టమే. కానీ ఓడిపోయి వచ్చి, వీధి వీధంతా చూస్తుండగా ఆ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టడం నా వల్ల కాదు.

ఇంకొక మాట. నేను బయలుదేరే ముందు రోజు నా మగ్గం మీద ఆఖరి చీర కోశాం. పడుగు పోగుల చివర జానెడు అచ్చులోనే వదిలేశావు. కొత్త పడుగు అతకాలంటే అలా వదలాల్సిందే, పూర్తిగా తీసేస్తే మళ్ళీ వేల పోగులూ మొదటి నుంచి అచ్చులోకి ఎక్కించుకోవాలి. అది నాకూ తెలుసు. కానీ ఉగాదికి వచ్చి చూస్తే కొత్త పడుగు లేదు. ఆ జానెడూ దుమ్ము పట్టి అలాగే ఉంది. ఎందుకని నేను అడగలేదు. 'ఇది యాడికి పోతాది, మళ్లా ఈడికే వస్తాది' అని నువ్వు అనుకుంటున్నావేమో అని తిరుగు బస్సులో కన్నీళ్ళు ఆగలేదు.

పది రోజుల కిందట తలుపేసుకుని ఏడుస్తుంటే నాగవేణి తోసుకుని లోపలికి వచ్చింది. సంగతంతా విని పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"నవ్వుతాండావా మే?"

"నవ్వక యేం జేయాల? మా నాయనకు నూరు గొర్రెలుండాయి. వరసలో నిలబెట్టి గుర్తుపడతాడా వాటిని? ఒక్కోదాని మొగం జూసి, ఇది కుంటిదాని బిడ్డ, ఇది కంచె దూకేది అంటాడు. నువ్వేమో మందనంతా ఒగే తాడుకు కట్టినావు. ఒగదాన్ని పిలిస్తే అన్నీ లేసొస్తాండాయి. తెంపు ఆ దారం."

తెంపలేకపోయాను. "ఒక్క అట్ట వరస తప్పితే నెమిలికి మెడ తెగుతాది" అని చిన్నప్పటి నుంచి నీ నోట విన్నదాన్ని. అట్టల దారం తెంపడమంటే పాపం చేస్తున్నట్టే అనిపించింది. నాగవేణి కత్తెర నా చేతిలో పెట్టి అటు తిరిగి నిలబడింది. చివరికి నేనే కత్తిరించాను. మంచం నిండా పడిన అట్టలను ఏది ముందో ఏది వెనకో తెలియకుండా నాగవేణి కలిపేసింది. అప్పుడు ఇంకా గట్టిగా ఏడ్చాను. కోప్పడకు నాయనా.

ఆ అట్టల కుప్ప చూస్తుంటే అవ్వ అచ్చు అతకడం గుర్తొచ్చింది. వేళ్ళకు బూడిద రాసుకుని, పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి కలిపి మెలిపెడుతుంది. పాత పోగు పట్టుకునే కొత్తది మగ్గంలోకి వెళ్తుంది. నేను కొత్త మాటను ఇంకో కొత్త మాటకే కట్టాను, పాతది ఒక్కటీ అందించలేదు. ఇప్పుడు ఒక్కో అట్ట తీసి, దానికి మన ఇంట్లోది ఒకటి అతుకుతున్నాను. 'రిలక్టెంట్' అంటే మనసొప్పక తటపటాయించడం. నేను బయలుదేరిన రోజు గడప దగ్గర అమ్మ. 'ఫ్రజైల్' అంటే ముట్టుకుంటే విరిగేది. అవ్వ కళ్ళద్దాలు. 'స్టబర్న్' అంటే మొండి. అదీ అవ్వే. 'టాట్' అంటే బిగువుగా ఉండటం. నువ్వు వేలితో మీటి చూసే పడుగు. 'గ్రంబుల్' అంటే సణగడం. దానికి ఎవరిని అతికానో రాయను, నువ్వు పోయి ఆమెకే చెప్పేస్తావు. ఇలా అతికినవి మధ్యలో అడిగినా వస్తున్నాయి.

నిన్న మళ్ళీ పరీక్ష పెట్టారు. లిస్టులో మధ్యకు వచ్చాను. "ఇంగా చాలదమ్మా, దినాలు తక్కువుండాయి" అంది మేడం. నిజమే. పన్నెండు రోజులే ఉన్నాయి, నూట యాభై అట్టలే అతికాను. మిగిలినవి సంచిలో ఉన్నాయి. లేవగానే ఆ సంచి కంటపడకుండా మంచం కిందికి తోసేస్తాను. భయం తగ్గిందని రాయాలని ఉంది, కానీ ఇంక నీకు అబద్ధం చెప్పను.

పరీక్ష సెంటరు పెనుకొండలో పడింది. నేను ఇక్కడి నుంచి పొద్దున్నే బస్సెక్కుతాను. దారిలో ఎర్రమంచి ఫ్యాక్టరీకి పోయే బండ్ల రద్దీలో ఇరుక్కుంటానేమో అని దానికి కూడా ఇప్పటి నుంచే భయం. నువ్వు ధర్మవరంలో ఎక్కి రా, పెనుకొండ బస్టాండులో కలుద్దాం. చీర మధ్యలో ఉండగా నువ్వు మగ్గం ఆపవని తెలుసు. ఆ ఒక్కరోజు నా కోసం ఆపు. గేటు లోపలికి పోయేదాకా నువ్వు కనిపిస్తే చాలు. అమ్మనడిగి చెనిక్కాయల పొడి ఒక చిన్న డబ్బా తీసుకురా.

ఇంకొకటి నోటితో అడగలేక రాస్తున్నాను. నా మగ్గం మీది ఆ జానెడు పడుగుకు కొత్త పడుగు అతికించు, పరీక్షకు ముందే. చిన్నత్త మగ్గం కావాలని అడుగుతోంది కదా, ఆమెను కూర్చోబెట్టు. కంప్యూటర్ ముందు కూర్చున్నా నాకు ఆ ఖాళీ మగ్గమే కనిపిస్తోంది. ఆమె కూర్చున్నాక నేను ఓడిపోయి వస్తే నాకు చోటు ఉండదు. అది తలుచుకున్నా భయమే. రెండూ భయాలే అయినప్పుడు, నాకు ఈ రెండోదే ఇవ్వు నాయనా.

వచ్చే ఆదివారం ఫోన్లో ఇవేవీ మాట్లాడొద్దు, వెనక పిల్లలుంటారు. "వంకాయ రంగు చీర కోసినా పాపా" అని ఒక్క మాట అను. ఉత్తరం అందిందని తెలుసుకుంటాను.

అవ్వ కాళ్ళకు, అమ్మ కాళ్ళకు నా దండాలు. చిన్నత్తను అడిగానని చెప్పు, గీతకు ముద్దులు. ఈ కాగితం మీద చెయ్యి పెట్టి దీవించు, నా తల మీద పెట్టినట్టే అనుకుంటాను.

నీ కూతురు,
భారతి

తా.క.: కవరులో ఒక అట్ట పెట్టాను. దాని మీద 'డాంట్‌లెస్' అని ఉంది. భయమంటే తెలియని మనిషి అని అర్థం. మూడు రోజులుగా చూస్తున్నాను, మనింట్లో దీన్ని ఎవరికి అతకాలో తోచడం లేదు. అమ్మ ఉరుముకు ఉలిక్కిపడుతుంది, అవ్వకు బల్లి అంటే హడలు. నువ్వే అనుకున్నాను. కానీ నన్ను హాస్టల్లో వదిలిన రోజు గేటు దగ్గర నా సంచి పిడి వదల్లేక నిలబడ్డావు, నేను చూశాను. పెనుకొండకు వచ్చేటప్పుడు ఈ అట్ట మరిచిపోకుండా తీసుకురా. నువ్వు ఎవరి పేరు చెబితే వాళ్ళకే అతికి లోపలికి పోతాను.