చిన్నప్ప చేతిమీద వేళ్ళ గుర్తులు

ముఐథర్,
14 నవంబరు 2025

అంకాలమ్మకు,

శివకుమారి అక్క దీవెనలు. నువ్వూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లోనే చెప్పేదాన్ని, కానీ నీతో మాట్లాడేటప్పుడు మీ ఆయన చిన్నప్ప పక్కనే ఉంటాడు. అందుకే ఈ గల్ఫు నుంచి సెలవు మీద ఊరికొస్తున్న డ్రైవరు నాగప్ప చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పిల్లలచేత చదివించకు, నువ్వే చదువుకో.

చిన్నప్ప చేతుల మీది మచ్చలు నువ్వు వీడియోలో చూశావు, నేను దగ్గరగా చూశాను. పొద్దున కారు తీసే వేళకు మోచేతి పైన నీలంగా నాలుగు వేళ్ళు, వెనక బొటనవేలు. ఎవరూ కొట్టలేదు, ఎక్కడా తగల్లేదు. తలగడ మీద నెత్తురు చుక్కలు. "ఎవురో పట్టుకోని లాగుతాండారక్కా" అనేవాడు. నేను అద్దెకున్న ఈ విల్లా వెనకే కదా అతని గది, అందులో ముందున్న డ్రైవరు నిద్రలోనే పోయాడట. "వానికింకా డ్యూటీ అయిపోల్యా, నిన్ను హెల్పరుగా పిలుస్తాండాడు" అని నాగప్ప నవ్వించబోయాడు. ఎవరికీ నవ్వు రాలేదు. బడిలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పే నేను కూడా ఆ గది ముందు నుంచి నడవడం మానేశాను.

నీకు తెలియనిది ఒకటుంది. గుండెలో వాల్వు మార్చిన మనిషి, చిక్కిపోతున్నాడని, ఎండాకాలం నుంచి రోజూ ఒక ఫ్లాస్కు ఇచ్చేదాన్ని. గోజీ అని, చైనావాళ్ళు మందుగా వాడే ఎర్రటి ఎండుపండ్లు, వేడినీళ్ళలో నానబెట్టి. కళ్ళకు మంచిది, ఒంటికి బలం అంటే నేనూ తాగుతున్నాను, నాకేమీ కాలేదు. పండే కదా అనుకున్నాను. రక్తం గడ్డకట్టకుండా చిన్నప్ప వేసుకునే మాత్రకు ఆ పండ్లు తోడైతే రక్తం మరీ పలచబడవచ్చట, దెబ్బ తగలకుండానే చర్మం కింద కమిలిపోతుందట. పది రోజుల కింద చదివాను. ఆ రోజే పండ్లు అయిపోయాయని అబద్ధం చెప్పి మానిపించాను. మచ్చలు వెలిసిపోయాయి. అదే వారం నువ్వు పంపిన తాయెత్తు వచ్చింది. అమ్మవారికి మొక్కు తీరుస్తానని నువ్వంటుంటే విని ఊరుకున్నాను.

ఇట్లు,
మీ శివకుమారి

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. పండ్లు మానిపించకముందు, మచ్చలు చూపించడానికి ఆసుపత్రికి తోడు వెళ్ళింది నేనే, అతని మాట ఇంగ్లీషులో చెప్పడానికి. మాత్ర కాక ఇంకేమైనా తీసుకుంటున్నాడా అని డాక్టరమ్మ అడిగింది. "అక్క ఇచ్చే ఎర్రపండ్ల నీళ్ళు" అన్నాడు చిన్నప్ప. ఏమీ లేదంటున్నాడని నేను చెప్పాను. అప్పటికే నాకు అనుమానం ఉంది, తప్పు నామీదికి వస్తుందని భయపడ్డాను. ఆమె మాత్ర తగ్గించింది. ఇప్పుడు పండ్లూ లేవు, మాత్రా చాలదు. వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టవచ్చు. మచ్చలు లేని ఆ చేతులు చూస్తే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది. ఇందాకే ఆమెకు ఫోన్ చేసి నిజం చెప్పాను. వెంటనే తీసుకురమ్మంది. కిటికీలోంచి కనబడుతున్నాడు, దయ్యం వదిలిందని పాడుకుంటూ కారు కడుగుతున్నాడు. పిలిచాను. "ఒక్క నిమిసమక్కా, అద్దం తుడిసి వత్తా" అంటున్నాడు.