నాన్న బాడిస పిడి

జగ్గయ్యపేట,
12-8-1961.

అమ్మకు శాంతయ్య వందనాలు. ప్రభువు దయవల్ల కులాసాగా ఉన్నాను.

చెల్లి దేవమణి చేత నువ్వు రాయించిన కార్డు అందింది. రంపం మిషను మీద ఎవరిదో వేలు తెగిందని విని, పని మానేసి వచ్చెయ్యమన్నావు. రాను. ఎందుకో విను. ఇక్కడి సినిమా హాలు సీలింగుకి పెద్ద పెద్ద ప్లైవుడ్ షీట్లు కోసి, అరంగుళం పట్టీలు తియ్యాలి. పట్టీ మరీ సన్నం కాబట్టి, చివరికొచ్చేసరికి తోసే వేలు రంపం పళ్ల పక్కకే వెళుతుంది. అందరూ వెనక్కి తగ్గారు. నేను మాత్రం నాన్న గుర్తుగా తెచ్చుకున్న, కొయ్య చెక్కే బాడిస పిడికి చివర గంటు పెట్టి, వేలికి బదులు దానితో తోశాను. మూడు రోజుల్లో నాలుగొందల పట్టీలు కోశాను, ఒక్కటీ వంకర లేదు. మా యజమాని దశరథరామయ్యగారు వాటిని పక్కపక్కన పేర్చి చూసి, "ఇకనించి ఈ మిషను నీదేనయ్యా, ఇంకెవర్నీ ముట్టనివ్వను" అన్నారు.

రంపం కొరికి కొరికి ఆ పిడి పొట్టిదైపోయింది. అటక మీద నాన్న పాత గొడ్డలి పిడి ఉండాలి. చందర్లపాడు నించి పేట వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఇచ్చి పంపు. వసారా ఇంకా కురుస్తోందా? గేదె ఈనిందా?

చెల్లికి దీవెనలు. నీకు చదువు రాదు గనక, నీ ధైర్యం కోసం అది కల్పించి చదివిందనుకుంటావు. అందుకే కింద సిరాతో వేలిముద్రలు వేశాను. పదీ ఉన్నాయి, నువ్వే లెక్కపెట్టుకో.