నాలుగోసారి దిగింది

మార్చి 3, మంగళవారం
విమానాలు 212. యాంటెనా ఒక అడుగు పైకి జరిపాను.
మాలాంటివాళ్లు డాబాల మీద పెట్టుకున్న, విమానాల సిగ్నల్ పట్టే రిసీవర్లన్నీ కలిస్తేనే ఇంటర్నెట్‌లో ఏ విమానం ఎక్కడుందో చూపే ఆ మ్యాప్. ఈ ఊళ్లో నాదొక్కటే. కొండ అడ్డం. మా ఎయిర్‌స్ట్రిప్‌లో దిగేవి ఇంకెవరికీ అందవు.
బావ పైలట్‌గా నడిపే కంపెనీ విమానం మూడుసార్లు దిగబోయి లేచిపోయింది. నాలుగోసారి దిగింది. గాలి ఎక్కువ అన్నాడు. పది నిమిషాల ముందు ఇంకో విమానం ఒక్కసారికే దిగింది.

మార్చి 5, గురువారం
మళ్లీ మూడుసార్లు.

మార్చి 6, శుక్రవారం, సాయంత్రం 5
బావ మేడమీదికొచ్చాడు. ఒరేయ్ బామ్మర్దీ, గది ఇస్తే నా నెత్తిమీదే సీసీ కెమెరా పెట్టావు కదరా అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. ఎడమ కన్ను మసకట. రన్‌వే అంచు కరిగిపోయినట్టుంటుందట. కంపెనీకి తెలిస్తే లైసెన్స్ పోతుంది, మీ అక్కకి చెప్పకు, ఆ డబ్బా ఆపెయ్ అన్నాడు.
నా ఫ్రిజ్ రిపేరు షాపు మూతపడ్డప్పుడు రమ్మన్నది ఆయనే. పదకొండేళ్లుగా ఈ గదిలోనే ఉన్నాను.
వైరు పీకేశాను.

మార్చి 8, ఆదివారం
విమానాలు 0.
బావ దిగాడో లేదో అక్క రోజూ నన్నే అడుగుతుంది. స్క్రీన్ ఖాళీగా ఉందేంట్రా అంది. ఎలుకలు వైరు కొరికాయన్నాను. నీ గదిలో పాపం వాటికి ఇంకేం దొరుకుతుందిలే అంది.

మార్చి 10, మంగళవారం
ఉండబట్టలేక వైరు పెట్టాను. బావ విమానం ఐదుసార్లు లేచిపోయింది.

మార్చి 12, గురువారం
శనివారం కంపెనీవాళ్లు స్టాఫ్ కుటుంబాలను విమానమెక్కిస్తారట. నడిపేది బావే. అక్క, మేనకోడలు వెళ్తారట. కిటికీ సీటు నాదంటే నాదని ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. బావ తల వంచుకుని పళ్లెంలోకి చూస్తున్నాడు.
వద్దక్కా అన్నాను. నీకు మెట్లెక్కితేనే కళ్లు తిరుగుతాయి, నీ మాట వింటే మేం మంచం కూడా ఎక్కం అంది. బల్ల కింద బావ నా కాలు తొక్కాడు.

మార్చి 13, శుక్రవారం, ఉదయం 10
విమానం తిరిగిన గీతలన్నీ ప్రింట్ తీసి కంపెనీలో సేఫ్టీ ఆఫీసరమ్మకి ఇచ్చాను. కన్ను సంగతీ చెప్పాను. మీరు ఆయనకేమవుతారు అంది. బామ్మర్దిని అన్నాను. ఇంట్లో తెలుసా అంది. కాగితం మీద సంతకం పెట్టాను.

మార్చి 14, శనివారం, ఉదయం 9
విమానం లేవలేదు. కన్ను సంగతీ, నా సంతకం సంగతీ ఇంట్లో తెలిసిపోయాయి. టిఫిన్‌కి నన్నెవరూ పిలవలేదు.
మెట్ల మీద నుంచి కనిపిస్తోంది. బావ కుడి కన్నును అక్క చేత్తో మూసి, గోడ గడియారం చూపించి, టైమెంత అని అడిగింది. బావ చెప్పాడు. అక్క మళ్లీ అడిగింది.