గాలి పాఠం

చాట్రాయి,
26 ఫిబ్రవరి 2026, గురువారం.

గౌరవనీయులైన సౌభాగ్యలక్ష్మి టీచర్ గారికి,

మీ శిష్యురాలు శ్రీలలిత నమస్కరించి రాయునది. నూజివీడులో కొత్త బడి మీకు అలవాటైందని తలుస్తాను. ఇక్కడ మాకు మాత్రం మీరు లేని లోటు అలాగే ఉంది.

ఈ రోజు పొద్దున్నే ఒక ఆశ్చర్యం. అనిల్ బడికి వచ్చేశాడు. వాళ్ల నాన్న, మా దగ్గర పనిచేసే రత్నబాబు బాబాయి, పోయి ఇంకా వారమే అయింది. మేము కౌలుకు చేస్తున్న మామిడితోటలో పాత బావి ఉంది కదా, అక్కడ మోటారు బాగుచెయ్యడానికి దిగి, లోపల గాలి ఆడక చనిపోయాడు. చూసుకోకుండా తొందరపడి దిగాడని ఊళ్లో అందరూ అంటున్నారు.

అనిల్ నాలుగో తరగతి. ఎల్లుండి సైన్సు దినోత్సవం కదా, దానికోసం నేనూ మా తరగతి నవీనూ రేపు పాఠం చెప్పాల్సింది ఆ తరగతికే. మీరు వెళ్లేముందు నాకిచ్చిన పాఠమే: వెలిగించిన కొవ్వొత్తి మీద గాజు సీసా బోర్లించి, మండడానికి గాలి కావాలని చూపించడం. 'ప్రాణవాయువు' అనే మాట నాకెంత నచ్చిందో! ఊరికే పైకి అనుకుంటూ తిరిగేదాన్ని. ఇప్పుడు ఆ మాట పైకి అనడం మానేశాను.

నవీన్ సంగతి మీకు తెలుసుగా. మధ్యాహ్నం రిహార్సల్లో చిన్నపిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చుని, అక్కా అక్కా, ఆ మంట మీద ఒక అప్పడం కాల్చి పెట్టవా అన్నాడు. అందరం నవ్వాం. మంట ఆరిపోగానే, కిటికీలోంచి చూస్తున్న అనిల్ లోపలికి వచ్చాడు. మా నాన్న దిగిన బావిలోనూ ఇలాగే అయిందా అక్కా, దిగకముందు ఎలా తెలుస్తది అని అడిగాడు. రేపు పాఠంలో చెబుతాను నాన్నా అన్నాను. వాడు వెళ్లాక నవీన్, పాఠం మార్చేద్దాం లలితా, వాడి మొహం చూస్తూ నేను చెప్పలేను అన్నాడు.

ఇంట్లో ఈ సంగతి చెబితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయారు. కాసేపటికి వచ్చి, అదెందుకమ్మా, అయస్కాంతాల గురించి చెప్పు, పిల్లలకి సరదాగా ఉంటది అన్నారు. అమ్మేమో, నీకేం పోయిందే, రేపు ఊళ్లో తిరగాల్సింది మేము అని కసిరింది.

అయస్కాంతాలు చెప్పడం తేలికే, టీచర్ గారూ. కానీ ఈ తోటల్లో ఇంకా పాత బావులున్నాయి. వాటిలో దిగేది ఆ తరగతి పిల్లల నాన్నలే. ముందు దీపం దించి చూడాలని, అది ఆరిపోతే మనిషి దిగకూడదని నాకు తెలుసు. తెలిసీ దాచుకోవడం నావల్ల కావడం లేదు.

మీ ఆశీస్సులు కోరే,
శ్రీలలిత, తొమ్మిదో తరగతి.

తా.క.: అసలు సంగతి పైన రాయలేకపోయాను. ఆ రోజు బావి దగ్గర నాన్నా రత్నబాబు బాబాయీ ఇద్దరే ఉన్నారు. లాంతరు దించి చూద్దామండీ అని రత్నబాబు బాబాయి అడిగాడట. కరెంటు పోయే టైమయింది, పిందె రాలిపోతోంది, దిగవయ్యా బాబూ అన్నది మా నాన్నే. ఇందాక ఆయనే చెప్పి ఏడ్చారు. అనిల్ వాళ్లమ్మ షీబా పిన్నికి ఇది తెలియదు. చనిపోయినవాడిదే తప్పని ఊరంటుంటే ఆమె కూడా నమ్ముతోంది. రేపు ఉదయం బడి గంటకు ముందే వాళ్లింటికి వెళతాను. నాన్నను కూడా రమ్మన్నాను. రాకపోతే నేనొక్కదాన్నే చెబుతాను. ఆ తర్వాతే పాఠం.